చదునైన గీత

వరహాలరావు మాస్టారిని ఏదైనా అడిగి సూటిగా జవాబు రాబట్టినవాడు ఆ ప్రయోగశాలలో ఇంకా పుట్టలేదు. అడిగినవాణ్ణి కంప్యూటర్ తెర ముందు కూర్చోబెట్టి ఏదో ఒకటి చూపించడం ఆయన పద్ధతి. కొత్తగా పరిశోధనకు చేరిన యోహానుకు అది ఒళ్లుమంటగా ఉండేది.

ఆ మధ్యాహ్నం యోహాను అడగవచ్చింది శాస్త్రం కాదు. అతని అక్క రూతు రెండేళ్ల కొడుకు జ్వరంతో పోయాడు. బావ లారీ మీద ఊళ్లు తిరుగుతాడు. రూతు ఇంట్లో ఒక్కతే ఉండి, రోజూ తమ్ముడికి ఫోన్ చేసి గుండెలవిసేలా ఏడ్చేది. ఆ ఏడుపు విని విని యోహానుకూ అన్నం సహించడం మానేసింది. చివరికి ఊరెళ్లడానికి సెలవు పెట్టాడు.

"ఇప్పుడు అక్క నెమ్మదించింది మాస్టారూ," అన్నాడు. "ఏడవడం లేదు. బాబు బట్టలన్నీ ఎవరికో ఇచ్చేసిందట. తన గొలుసు కూడా నా పెళ్లికని తీసి పక్కన పెట్టిందట. నువ్వు రావద్దు, నీ పని చూసుకో అంటోంది. సెలవు రద్దు చేసుకోనా?"

మాస్టారు పొద్దుటి ప్రయోగం తాలూకు గీతను తెరమీద నెమ్మదిగా నడిపించారు. వాళ్ల ప్రయోగాలన్నీ టోకమాక్‌లోనే; టోకమాక్ అంటే గారెలా మధ్యలో చిల్లున్న పెద్ద ఉక్కుపాత్ర. అందులో నిప్పులా మండే వాయువు, ప్లాస్మా, గోడలకు తగలకుండా, అయస్కాంతాల పట్టులో గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. దానిలో ఎక్కడైనా ముడి పడితే ఆ ముడీ దానితోపాటే తిరుగుతుంది. గోడకున్న తీగచుట్టల ముందునుంచి అది వెళ్లినప్పుడల్లా తెరమీద గీత ఎగిరిపడుతుంది.

గీత చాలాసేపు ఎగిరిపడింది. తర్వాత అలలు దూరం దూరం జరిగాయి. ఆ తర్వాత చదునైపోయింది. మాస్టారు అక్కడ ఆపి, "ఎలా ఉంది?" అన్నారు.

"నెమ్మదించింది," అన్నాడు యోహాను. పొద్దున ఆ సమయానికి అతను బయట అక్కతో ఫోన్‌లో ఉన్నాడు, ఏం జరిగిందో చూడలేదు.

మాస్టారు మళ్లీ నడిపించారు. చదునైన గీత కొంచెం దూరం సాగిందో లేదో, దాని కింద ప్లాస్మా కరెంటును చూపే గీత ఒక్కసారిగా కూలింది. ప్లాస్మా గోడను తాకి ఆరిపోయింది.

"ముడి విడిపోలేదు నాయనా," అన్నారాయన. "తిరగడం మానేసి ఒకేచోట నిలబడి పెరిగింది. తీగచుట్టకు కదిలేదే తెలుస్తుంది."

యోహాను జేబులోంచి ఫోన్ తీశాడు. అక్కడే నిలబడి అక్కకు ఫోన్ చేశాడు. "బాగానే ఉన్నాన్రా," అందామె శాంతంగా. మొన్నటినుంచీ ఆ గొంతు విని సంతోషించినందుకు అతనికి తనమీద తనకే అసహ్యం వేసింది. అక్క పక్కింట్లో ఉండే సలోమి పిన్నికి ఫోన్ చేసి, తాను వచ్చేదాకా అక్కను ఒంటరిగా వదలొద్దని బతిమాలాడు. కళ్లు తుడుచుకుని సంచి భుజాన వేసుకున్నాడు.

"వెళ్లి ఏం చెప్పను మాస్టారూ?" అని గుమ్మం దగ్గర ఆగి అడిగాడు.

"ఏమీ చెప్పకు. ఏడ్చేదాకా పక్కనే కూర్చో."