పైడిరాజు, ఓవెన్ తలుపు

గాజువాకలో పైడిరాజు అనే ఒకాయన ఉండేవాడు; మనసు వెన్న, ఓపిక మాత్రం సున్న. బస్సు కోసం నిలబడితే రోడ్డు మధ్యకి వెళ్లి తొంగి చూసేవాడు. టీ చల్లారేదాకా ఆగలేక రోజూ నాలుక కాల్చుకునేవాడు. "కాలు కాలిన పిల్లిలా ఆ తిరుగుడేమిటండీ? కాసేపు కూర్చోండి" అని భార్య సత్యవేణి మొత్తుకునేది. కూర్చునేవాడు. మళ్లీ లేచేవాడు.

ఆయన కూతురు మోక్షితకు తొమ్మిదేళ్లు. పాపం, ఆ పిల్లకు కామెర్లు వచ్చాయి. నలభై రోజులు పథ్యం. మజ్జిగన్నం, ఉడకబెట్టిన బీరకాయ, చప్పిడి పప్పు. నూనె చుక్క తగలనివ్వలేదు. తిండంటేనే విసుగు పుట్టి పిల్ల పుల్లలా అయిపోయింది. చివరికి డాక్టరు గారు, "ఇక కొంచెం నూనె వాడొచ్చు. ముందు పిల్ల తినాలి. తినకపోతే కోలుకోదు" అన్నారు.

"ఏం తింటావమ్మా?" అని అడిగాడు పైడిరాజు.

"ఫ్రెంచ్ ఫ్రైస్ నాన్నా. కరకరలాడాలి."

నలభై రోజుల్లో ఆ పిల్ల నోరు తెరిచి అడిగింది అదొక్కటే. సత్యవేణి డ్యూటీకి బయల్దేరుతూ భర్తకు అన్నీ చెప్పింది. "మూకుడు నిండా నూనె పోయకండి. ఓవెన్‌లో చేయండి, ఒక్క చెంచా నూనె చాలు. ముక్కలు అరగంట నీళ్లలో నానబెట్టి, పొడిగుడ్డతో తడి లేకుండా తుడిచి, ఎడంగా పరచండి. నలభై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి తిప్పండి. ఉప్పు చివర్లో."

"అదెంత పని!" అన్నాడు పైడిరాజు.

ఇంట్లో ఆరు బంగాళాదుంపలున్నాయి. మూడు తరిగాడు. "అరగంట నానబెట్టడానికి ఇదేమైనా చింతపండా?" అని కడిగిన ముక్కల్ని తడితడిగానే ట్రేలో కుప్ప పోశాడు. ఉప్పు ముందే చల్లాడు. వేపుడు చేసే చెయ్యి ఊరుకుంటుందా? రెండు నిమిషాలకోసారి తలుపు తీసి గరిటెతో కలియబెట్టాడు. "కలపకపోతే అడుగంటిపోదూ!" అని తనలో తనే గొణుక్కున్నాడు. తీసిన ప్రతిసారీ లోపలి సెగంతా ఆయన మొహానికే కొట్టింది. పావుగంటకే విసిగిపోయి ట్రే బయటికి లాగేశాడు.

ఏముంది? ముక్కలన్నీ మెత్తగా ముద్దయి కూర్చున్నాయి. మోక్షిత ఒక ముక్క నోట్లో పెట్టుకుని బలవంతాన మింగింది. "ఇదీ పథ్యం కూరలాగే ఉంది నాన్నా" అని పళ్లెం పక్కకు తోసి, గోడవైపు తిరిగి పడుకుంది.

పైడిరాజు వెంటనే చెప్పులేసుకున్నాడు. "ఐదు నిమిషాల్లో బజారు నుంచి కొనుక్కొస్తానమ్మా!"

"డాక్టరు గారు బయటివి వద్దన్నారుగా" అంది మోక్షిత. మెల్లగా లేచి వంటింట్లోకి నడిచింది. "ఇంకో మూడు దుంపలున్నాయి. అమ్మ చెప్పినట్టు చెయ్యి. నేనిక్కడే కూర్చుంటా."

ఆ మూడే మిగిలాయి. ఈసారి పైడిరాజు ముక్కల్ని నానబెట్టాడు. ఒక్కొక్కదాన్నీ తుడిచాడు. చెంచా నూనె పట్టించి ఎడంగా పేర్చాడు. ఓవెన్ తలుపు వేశాడో లేదో, కాళ్లు ఆడటం మొదలుపెట్టాయి. గడియారం చూశాడు. ఓవెన్ చూశాడు. బియ్యం సంచి మీద అక్షరాలు మూడుసార్లు చదివాడు. ఐదో నిమిషానికే చెయ్యి తలుపు మీదికి పోయింది.

మోక్షిత ఆ చెయ్యి పట్టుకుంది. వేళ్లు సన్నగా, ఎముకలు తెలుస్తున్నాయి.

"నాన్నా, నేను నలభై రోజులు ఆగాను. నువ్వు నలభై నిమిషాలు ఆగలేవా?"

పైడిరాజు తలుపు మీంచి చెయ్యి తీసేశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కూతురి పక్కన నేలమీద చతికిలబడ్డాడు. సగం సమయానికి లేచి ఒక్కసారి ముక్కలు తిప్పి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. కాళ్లు ఆడుతూనే ఉన్నాయి గానీ, చెయ్యి మాత్రం కూతురి చేతిలోంచి కదల్లేదు.

ఓవెన్ గంట మోగింది. ముక్కలు బంగారు రంగులో ఉన్నాయి. ఉప్పు చల్లి ఇచ్చాడు. మోక్షిత కొరికితే కరకరమని వంటిల్లంతా వినిపించింది! ఒక్కటి మిగల్చకుండా తినేసి, పళ్లెంలో రాలిన ఉప్పు కూడా వేలితో అద్దుకుని నాకింది.

"నాన్నా, ఇంకా ఆకలేస్తోంది. అన్నం పెట్టు" అంది.

నీతి: మనవాళ్ల మీద ఎంత ప్రేమున్నా, ఆగాల్సిన చోట ఆగలేకపోతే ఆ ప్రేమ వాళ్ల నోటికి అందదు.