ముసలి మేక ఎముక

నీలాద్రి చేసిన గూటిలో కణాలు మళ్లీ చచ్చిపోయాయి. ఇది ఆరోసారి.

గూడంటే పిట్టగూడు కాదు. చేప తోలు నుంచి తీసిన జెలటిన్, సముద్రపు నాచు నుంచి తీసిన జిగురు కలిపి, అందులో బతికున్న ఎముక కణాలు వేసి, యంత్రంతో జంతికల పిండిలా గీత మీద గీత వేస్తాం. ముక్క ఊడిపోయిన ఎముకలో, ఆ ఖాళీలో దాన్ని పెడతారు. కణాలు అందులో కాపురం పెట్టి ఎముక కట్టాలి.

నీలాద్రి మొదటి గూడు అందరూ చూస్తుండగానే పళ్లెంలో కరిగిపోయింది. ల్యాబులో మేమూ ఊరుకోలేదు, దానికి పాయసం అని పేరు పెట్టాం. పాపం, అది అతని మనసులో అలాగే ఉండిపోయింది. గూడు గట్టిపడటానికి కాల్షియం నీళ్లలో రెండు నిమిషాలు ఉంచితే చాలు. అతను పది నిమిషాలు, తర్వాత అరగంట ఉంచడం మొదలెట్టాడు. ఇప్పుడు అతని గూడు నెలలు గడిచినా చెక్కుచెదరదు. లోపల ప్రాణం మాత్రం ఉండదు.

మార్చితో ఫెలోషిప్ అయిపోతుంది. ఆలోగా కణాలు బతికిన గూడు ఒక్కటైనా చూపించకపోతే నాలుగేళ్ల చదువూ గంగపాలే. మా గైడు జోగులాంబ మేడమ్ దగ్గరికి వెళ్లాడు.

"ఇంత గట్టిగా కట్టాను మేడమ్. ఇంకేం చెయ్యాలి?"

మేడమ్ లేచి బీరువాలోంచి ఓ గాజుపలక తీసి మైక్రోస్కోపు కింద పెట్టారు. పదకొండేళ్ల కిందట, పశువుల ఆసుపత్రిలో కాలు నుజ్జయిన ఓ మేకపిల్లకి ఆవిడ తన మొట్టమొదటి గూడు పెట్టారు. అది ఆ కాలితోనే గోడలెక్కి, తొమ్మిదేళ్లు బతికి, ముసలిదై చనిపోయింది. ఆ కాలి ఎముకలోంచి కోసిన పల్చటి పొర అది.

"ఇందులో నా గూడు ఎక్కడుందో వెతుకు" అని చెప్పి క్లాసుకి వెళ్లిపోయారు.

నీలాద్రి భోజనానికి రాలేదు. నేను టీ పట్టుకెళ్తే తలెత్తలేదు. కాసేపు నన్నూ చూడనిచ్చాడు. వలయాల చుట్టూ వలయాలు, ఒక్కో వలయం నడుమ రక్తం వెళ్లే సన్నటి దారి. ఎక్కడ విరిగిందో, ఎక్కడ అతికిందో ఒక్క గీత కూడా లేదు.

సాయంత్రం మేడమ్ రాగానే నీలాద్రి లేచి నిలబడ్డాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"దొరకలేదు మేడమ్. అంతా ఎముకే ఉంది."

ఆవిడ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, వంగి, తనూ చాలాసేపు చూశారు.

"రెండేళ్లుగా వెతుకుతున్నాను నాయనా. నాకూ దొరకలేదు."

మర్నాడు నీలాద్రి కొత్త గూడు వేసి, కాల్షియం నీళ్లలోంచి రెండో నిమిషానికే తీసేశాడు.

మూడు వారాలకి దాని అంచులు మెత్తబడ్డాయి. గీతలు అక్కడక్కడా కరిగిపోయాయి. కరిగిన చోటల్లా కణాలు చేతులు చాచి, ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. మైక్రోస్కోపు దగ్గర వరసలో నిలబడి ఒక్కొక్కరమే చూశాం. ఎవరూ పాయసం అనలేదు.