కథకుడి జరీ శాలువా

రాజసభలో కథ మంచి పట్టులో ఉండగా, వెనక వరసలో కూర్చున్న నూకాలు పకపకా నవ్వేసింది. ఆవిడ కోటలో బట్టలుతుకుతుంది.

ఆస్థాన కథకుడు సోమయాజులు మొహం కందగడ్డయింది. ఆయన కథలో హంతకుడు నెత్తుటి ఉత్తరీయాన్ని సలసల కాగే నీళ్ళలో ఉడకబెట్టి, మరకన్నది లేకుండా చేసి, అప్పుడే తప్పించుకున్నాడు.

"ఏమే, ఎందుకా నవ్వు?"

"వేణ్ణీళ్ళు తగిలితే నెత్తురు గుడ్డని వదలదు బాబూ. మీ హంతకుడు మర్నాటికే దొరికిపోతాడు."

"ప్రభూ! పదేళ్ళు శాస్త్రాలు తిరగేసి అల్లిన కథ ఇది. ఈ మనిషిని ఊళ్ళోంచి వెళ్ళగొట్టండి!"

రాజు నూకాలు వైపు తిరిగాడు. "రుజువు చెయ్యి. లేదా పొద్దుగూకేలోగా మూటాముల్లె సర్దుకో."

నూకాలు కొంగు బిగించింది. "చిత్తం దొరా. వంటశాల నుంచి కోడి నెత్తురూ, కాగే నీళ్ళూ తెప్పించండి. గుడ్డ మాత్రం బాబుగారి భుజమ్మీది జరీ శాలువా ఇప్పించండి. ఆయన మాటే నిజమైతే శాలువాకి ఏమవుతుంది?"

సోమయాజులు శాలువాని రెండు చేతులా గుండెలకి హత్తుకున్నాడు. "అమ్మో, ప్రభువులు కప్పిన శాలువా! పాడైపోదూ?"

రాజు కడుపుబ్బా నవ్వాడు. "రుజువైపోయింది."

సాయంత్రం సోమయాజులు తానే రేవుకొచ్చి మెల్లగా అడిగాడు. "అయితే మరక పోవాలంటే ఏం చెయ్యాలి నూకాలమ్మా?"

"చన్నీళ్ళు బాబూ. అదీ ఆరకముందే."

తనకి ముందుగా వినిపించకుండా కథ సభకెక్కితే ఆయన బట్టల మూట విప్పనని నూకాలు ఆ రోజే తేల్చి చెప్పేసింది. ఆయన రెండుసార్లు మర్చిపోయాడు. రెండుసార్లూ మాసిన పంచెతోనే సభకెళ్ళాడు.