గజ్జెల్లో దూది

పట్టాలిచ్చే రోజు నేను నా గజ్జెల్లో దూది కుక్కాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మా హరికథ పాఠశాలలో ఆ రోజు పొద్దున్నే గురువుగారు, సూరన్నదాసుగారు, తన చేత్తో అందరికీ గజ్జెలు కడతారు. పేరు పిలవగానే వేదికెక్కి ఒక ఘట్టం చెప్పాలి. తడబడితే అక్కడే, అందరూ చూస్తుండగా, గజ్జెలు విప్పి పళ్లెంలో పెట్టి దిగిపోవాలి. కిందటేడు, నేను చేరిన కొత్తలో, ఒకామె విప్పింది. ముడి ఊడక ఎంతసేపు పట్టిందో! ఆ సేపంతా హాల్లో ఎవరూ దగ్గనైనా లేదు.

మేం ముప్పైఒక్కరం. నా వంతు చివర. మిగతావాళ్లంతా హరిదాసుల ఇళ్లనుంచి వచ్చినవాళ్లు. నేను జీడిపిక్కలు కొడుతూ రేడియోలో విని నేర్చుకున్నదాన్ని. ఇంట్లో ఒక్క ఏడాదే గడువిచ్చారు. తప్పితే మళ్లీ జీడిపిక్కలే.

కుర్చీలో కూర్చున్నానో లేదో మోకాళ్లు వణకడం మొదలైంది. గజ్జెలు ఊరుకుంటాయా?

"ఏం రేడియో, అప్పుడే గరగరమంటున్నావు? స్టేషను దొరకలేదా?" అన్నాడు పక్కనున్న కామేశం. వాళ్ల తాతా, నాన్నా ఇద్దరూ పేరున్న దాసులు.

చుట్టూ నవ్వులు. నేను లేచి తెర వెనక్కి పోయి, దీపం వత్తులకని తెచ్చిన దూది తీసుకున్నాను.

తిరిగొస్తుంటే గురువుగారు ఎదురయ్యారు. డెబ్బై దాటిన మనిషి. ఆయన కాళ్లకూ గజ్జెలున్నాయి. చివర మంగళం ఆయనే పాడాలి.

"వరహాలూ, ఇటు రా."

నాలుగడుగులు వేశాను. చప్పుడు లేదు. ఆయన నా కాళ్ల వైపు చూశారు.

"కూర్చో. జడలో పిన్ను ఇలా ఇయ్యి."

మోకాళ్లు పట్టుకుని మెల్లగా ఆయన కూడా నేలమీద కూర్చున్నారు. ఒక్కో గజ్జెలోంచి దూది లాగడం మొదలుపెట్టారు.

"అయ్యో, మీరు నా కాళ్లు..."

"పొద్దున్న కట్టింది ఎవరు? కదలకు."

నాకు ఏడుపొచ్చింది. "నాలుగు గంటలు ఎలా కూర్చోను గురువుగారూ? భయం తప్ప ఇంకేం తోచట్లేదు."

"తోచకపోతే పని చెబుతాను. హాల్లో ఎన్ని జతలు మోగుతున్నాయో విను. నీ వంతు వచ్చాక నాకు చెప్పాలి."

దూది ఉండ నా చేతిలో పెట్టి లేచారు.

ఉపన్యాసాలు మొదలయ్యాయి. "రెండే రెండు మాటలు" అన్న ప్రతివారూ అరగంటకు తక్కువ దిగలేదు. మొదట నావే వినిపించాయి. గుండె కిందికి జారి ఆ గజ్జెల్లోనే కొట్టుకుంటున్నట్టుంది.

ఒక పెద్దమనిషి మంచినీళ్లు తాగడానికి ఆగాడు. అప్పుడు, ముందు వరసలో ఎక్కడో, సన్నగా ఘల్లుమంది. తర్వాత ఎడమవైపు ఇంకొకటి.

ఆ తర్వాత, నా పక్కనే.

కామేశం రెండు చేతులతో మోకాళ్లు అదిమిపట్టి కళ్లు మూసుకున్నాడు. అతనివి నావాటికన్నా గట్టిగా మోగుతున్నాయి. చూడనట్టు తల తిప్పుకుని, అదీ కలుపుకున్నాను.

పేర్లు పిలుస్తున్నారు. పంతొమ్మిదో పేరు దగ్గర పళ్లెంలో గజ్జెలు పడ్డ చప్పుడు. లెక్క చెదిరింది. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను. చిత్రం, పట్టా తీసుకుని వచ్చి కూర్చున్నవాళ్లవి కూడా ఇంకా మోగుతూనే ఉన్నాయి.

"కొత్తపల్లి వరహాలు."

ఎలా ఎక్కానో తెలియదు. గురువుగారి కుర్చీ ముందు వంగి దణ్ణం పెట్టాను.

"ఎన్ని?" అన్నారు, నాకు మాత్రమే వినపడేలా.

"ఇరవైమూడు. నాతో కలిపి."

"ఒకటి తప్పింది."

పంచె అంచు బెత్తెడు పైకి లాగారు. ఆయన పాదాల దగ్గర గజ్జెలు, సన్నగా, ఆగకుండా మోగుతున్నాయి.

"ఇరవైనాలుగు," అన్నారు. "ఇక కథ చెప్పు."

లేచాను. పిడికిట్లో దూది ఉండ ఇంకా అలాగే ఉంది. గజ్జెలు విప్పి పెట్టే పళ్లెంలో దాన్ని పడేసి, తాళానికి చిరతలు అందుకుని జనం వైపు తిరిగాను.

కాళ్లు వణుకుతూనే ఉన్నాయి.