ఏడు సముద్రాలు దాటిన కొర్రమీను

అనగా అనగా వెండిగుట్ట అనే రాజ్యం ఉండేది. ఎంత చిన్న రాజ్యమంటే, రాజుగారు కోట బురుజెక్కి తుమ్మితే పొలిమేరలో కాపలావాడు "చిరంజీవ" అనేవాడు. ఆ రాజుగారికి సుకేతుడని ఒక్కడే కొడుకు. ఆ కొడుక్కి ఒక్కటే స్నేహం. ఆ స్నేహం ఒక చేపతో.

నవ్వకండి. ఒక ఎండాకాలం వాగు ఎండిపోయి, బురదలో కొర్రమీను పిల్ల ఒకటి కొట్టుకుంటుంటే చిన్నారి సుకేతుడు దాన్ని దోసిట్లో తెచ్చి కోటలోని నీళ్ల తొట్టిలో వేశాడు. ఇద్దరూ కలిసి పెరిగారు. అతను చదువు నేర్చాడు, అది మాటలు నేర్చింది. దానికి బంగారు పొలుసులు, వెండి రెక్కలు ఏమీ లేవు. అంగట్లో అమ్మే కొర్రమీను ఎలా ఉంటుందో అలాగే నల్లగా, జారుడుగా ఉండేది. అతను దాన్ని నల్లన్నా అనేవాడు. అది అతణ్ణి అబ్బాయీ అనేది.

ఇలా ఉండగా పక్క రాజ్యపు రాకుమారి కువలయను ధూమ్రజటుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతల తన దీవిలో దాచాడు. వాడి ప్రాణం చిలకలో ఉంటుందని మీరు అనుకుంటారు. అది పాత పద్ధతి. చిలకలో ప్రాణం పెట్టుకున్న మాంత్రికుడల్లా ఎవడో ఒక రాకుమారుడి చేతిలో పోతున్నాడని విని, వీడు తన ప్రాణాన్ని ఒక పచ్చపూసలో పెట్టి, ఆ పూసను కోట బావి అడుగున దాచాడు. బావి నిండా గట్టు దాకా నీళ్లే. వేలు పెడితే కొంకర్లు పోయేంత చల్లటి నీళ్లు. ఎంతటి ఈతగాడైనా సగం లోతు కూడా దిగలేడు.

ఈ రహస్యం ఒక వలసబాతు నల్లన్నకు చెప్పింది. నల్లన్న సుకేతుడికి చెప్పింది.

"ఆ బావిలో దిగగలిగేదాన్ని నేనే, అబ్బాయీ. కానీ ఏడు సముద్రాలు ఈదలేను. నేను మంచినీటి చేపను, ఉప్పు నాకు పడదు. కుండలో పెట్టి మోసుకుపోతానంటే వస్తాను. నావి మూడు మాటలు వినాలి మరి."

"చెప్పు."

"బయలుదేరే ముందు రోజు నాకు మేత వేయకు. నిండు కడుపుతో వస్తే నా కుండ నేనే పాడుచేసుకుంటాను. ఇది మొదటిది. కుండలో సగమే నీళ్లు పొయ్యి. తక్కిన సగం గాలికి వదిలి, మూతికి పలచని గుడ్డ కట్టు. మేం కొర్రమీనులం పైకొచ్చి గాలి మింగకపోతే బతకం. ఇది రెండోది. కొత్త నీళ్లలో నన్ను ఒక్కసారిగా దిమ్మరించకు. ముందు కుండను ఆ నీళ్ల మీద నిలుపు. పుడిసెడు పుడిసెడుగా కొత్త నీళ్లు కలుపు. లోపలి చలీ బయటి చలీ ఒకటయ్యాక వదులు. ఇది మూడోది."

"నా ప్రాణంలా చూసుకుంటాను నల్లన్నా" అన్నాడు సుకేతుడు. మాట ఇవ్వడానికి ఖర్చేముంది?

ముందు రోజు మేత మానేశాడు. సగం నీళ్లు పోశాడు. గుడ్డ కట్టాడు. కుండ చంకన పెట్టుకొని రేవుకు వెళ్లాడు.

ఓడలో కువలయ కోసమే బయలుదేరిన మరో ఇద్దరు రాకుమారులు ఉన్నారు. ఒకడి భుజం మీద డేగ. ఇంకొకడి పక్కన గొలుసుతో చిరుతపులి. చంకలో మట్టికుండతో సుకేతుడు ఓడ ఎక్కుతుంటే సరంగు అడిగాడు.

"కుండలో ఏం తెస్తున్నారు బాబూ?"

సుకేతుడు డేగను చూశాడు, చిరుతను చూశాడు, తన కుండను చూసుకున్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. "తాగే నీళ్లు" అన్నాడు.

రెండు సముద్రాలు దాటాక చిరుత రాకుమారుడు అడిగాడు. "మంచినీళ్లకు ఓడలో పీపాలున్నాయిగా, కుండలో ఏముందోయ్?"

"ఊరగాయ. అమ్మ పెట్టింది."

నాలుగు సముద్రాలు దాటాక కుండలో తపక్కుమంది. డేగ రాకుమారుడు గుడ్డ లాగి చూశాడు. "అరే, చేప. పులితో ఒకడొస్తే వీడు చేపతో వచ్చాడు. దీన్నేం చేస్తావయ్యా, మాంత్రికుడి మీదికి ఉసిగొల్పుతావా?"

ఓడంతా పగలబడి నవ్వింది. సుకేతుడికి తల కొట్టేసినట్టయింది. నోటికొచ్చింది అనేశాడు.

"పులుసుకు తెచ్చాను."

కుండలో చప్పుడు ఆగిపోయింది.

తర్వాత ఎవరూ చూడకుండా "ఊరికే అన్నాను నల్లన్నా" అన్నాడు. జవాబు లేదు. మళ్లీ తపక్కుమంటే మళ్లీ నవ్వుతారేమోనని, నీళ్లు కదలకుండా కుండను అంచు దాకా నింపాడు. పైన చెక్కమూత పెట్టి తోలుతో బిగించి కట్టాడు. పరువు దక్కిందనుకున్నాడు. రెండో మాట ఏమైందో మీకు గుర్తుంది. అతనికి గుర్తు లేదు. సిగ్గుపడే మనిషికి తన మొహం తప్ప ఇంకేదీ కనిపించదు.

ఏడో సముద్రం మధ్యలో అతని చేయి కుండ మీద పడింది. లోపల చిన్న కదలిక కూడా లేదు. అప్పుడు గుర్తొచ్చింది. తోలుముడి చేతులతో రాకపోతే పళ్లతో కొరికి తెంపాడు. నల్లన్న వెల్లకిలా తేలుతోంది.

అందరూ చూస్తుండగానే సుకేతుడు ఏడ్చాడు. నీళ్లు సగం పారబోసి, నల్లన్నను అరచేతిలో పట్టుకొని, నోరు గాలిలో ఉండేలా ఎత్తి కూర్చున్నాడు. దీవి చేరేదాకా అలాగే కూర్చున్నాడు. ఒడ్డు కనిపించే వేళకు చేప నోరు ఒకసారి తెరుచుకుంది. మళ్లీ ఒకసారి. బతికింది. కానీ మాట్లాడలేదు.

దీవిలో దిగి కోటలో అడుగుపెట్టగానే మాంత్రికుడు ఎదురయ్యాడు. డేగ రాకుమారుడు "కాచుకో" అన్నాడు, రాయైపోయాడు. చిరుత రాకుమారుడు "నేనెవరో తెలుసా" అన్నాడు, రాయైపోయాడు. డేగా చిరుతా చెట్లలోకి పారిపోయాయి. మాంత్రికుడు మూడోవాడి వైపు తిరిగాడు.

సుకేతుడు బావిగట్టు పక్కన కుండ పట్టుకొని నిలబడి ఉన్నాడు. పక్కనే బావి. పూసను తెమ్మని ఒక్క మాట అంటే చాలు. ఏ మొహం పెట్టుకొని అడుగుతాడు?

"కుండలో ఏముందిరా?" అన్నాడు ధూమ్రజటుడు. తొంగి చూశాడు. వాడి నోరూరింది. "కొర్రమీనే! ఈ ఉప్పుచేపలు తిని నా నాలుక మొద్దుబారిపోయింది. కువలయా, మసాలా నూరు. ఇదిగో అబ్బాయ్, ఇది పులుసుకేగా? ఇచ్చెయ్, రాకుమారిని తీసుకుపో. నిన్నేమీ చేయను."

కువలయ సన్నికల్లు దగ్గర నుంచి పొత్రం చేత్తో పట్టుకొనే లేచి వచ్చింది. ఎన్నాళ్లకో విడుదల మాట విన్నది, కళ్లు పెద్దవి చేసుకొని సుకేతుడి వంక చూసింది.

సుకేతుడి చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి. ఈసారి వేరే సిగ్గుతో.

"పులుసుకు కాదు. ఇది నా చెలికాడు. లోకం ముందు ఆ మాట అనడానికి నామోషీపడి మూడుసార్లు అబద్ధమాడాను. రాకుమారీ, నన్ను క్షమించు. దీన్నివ్వలేను."

మాంత్రికుడు కడుపు పట్టుకొని నవ్వాడు. నవ్వుతూనే మంత్రం మొదలుపెట్టాడు. సుకేతుడి పాదాలు రాయయ్యాయి.

అతను గట్టు మీదికి వంగి, కుండను బావి నీళ్ల మీద నిలిపాడు. "నల్లన్నా, ఈ బావిలోనైనా బతుకు. పూస సంగతి మర్చిపో. అది అడిగే అర్హత నాకు లేదు." నీళ్లు మంచులా ఉన్నాయి. ఒక్కసారిగా ఒంపితే చేప చస్తుంది. పుడిసెడు నీళ్లు కలిపాడు, మోకాళ్లు రాయయ్యాయి. మరో పుడిసెడు కలిపాడు, నడుము రాయైంది.

"తొందరగా పారబోసి పోరాడరాదూ?" అని మాంత్రికుడు వేళాకోళమాడాడు.

సుకేతుడు వినిపించుకోలేదు. మరో పుడిసెడు కలిపి, కుండలో వేలు పెట్టి చూశాడు. బావిలో వేలు పెట్టి చూశాడు. రెండు చలులూ ఒకటయ్యాయి. గుండె దాకా రాయి వచ్చేసరికి కుండను మెల్లగా ఒరిగించాడు. చేతులు అలాగే బిగుసుకుపోయాయి.

నల్లన్న ఒక్క మునక వేసింది. నేరుగా అడుక్కే వెళ్లింది. అది చూసి మాంత్రికుడి నవ్వు ఆగిపోయింది, మంత్రం నాలుక మీదే నిలిచిపోయింది. వాడు బావి మీదికి దూకబోయేలోపు పచ్చపూస ఒకటి నీళ్లలోంచి ఎగిరొచ్చి గట్టు మీద పడింది. దాన్ని చూసి వాడి మొహం ఎలా పాలిపోయిందో కువలయ చూసింది. ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. పొత్రం ఎత్తి ఒక్క దెబ్బ వేసింది. పూస పొడైంది, మాంత్రికుడు బూడిదయ్యాడు, రాళ్లన్నీ మనుషులయ్యాయి.

సుకేతుడు కుండలో సగమే నీళ్లు పట్టి నీళ్ల దగ్గర పెట్టాడు. నల్లన్న తనంతట తనే వచ్చి అందులో దూరింది. అతను దాని మీదికి తల వంచాడు.

"మూత బిగించి నీ ఊపిరి తీయబోయాను" అన్నాడు.

అప్పుడు నల్లన్న నోరు విప్పింది. "మూతకు నా ఊపిరి పోయింది అబ్బాయీ. మాట పోయింది మాత్రం అంతకు ముందే, పులుసుకు అన్నావు చూడు, అప్పుడు."

సుకేతుడు ఇంకా కిందికి తల వంచాడు. నల్లన్నే మళ్లీ అంది.

"తల ఎత్తు. నీ కన్నీళ్లు కుండలో పడుతున్నాయి. ఉప్పు నాకు పడదని చెప్పానా లేదా?"

తిరుగు ప్రయాణంలో కుండ సుకేతుడి ఒళ్లోనే ఉంది. ఎవరూ అడక్కముందే "వీడు నా చెలికాడు నల్లన్న" అని చెబుతూ వచ్చాడు. చెప్పిన ప్రతిసారీ చెవులు ఎర్రబడేవి. కువలయ అది చూసే అతణ్ణి మెచ్చిందని అంటారు. ఊరేగింపులో పల్లకీ ఎక్కింది ముగ్గురు. ఇద్దరు పెళ్లివాళ్లు, ఒక మట్టికుండ.

ఆ రాజు, ఆ రాణి చాలాకాలం చల్లగా ఏలారు. ఎంత పెద్ద రాజైనా, వంటింట్లో ఎవరైనా కుండ మీద మూత పెడుతుంటే మాత్రం అటు చూడలేక మొహం తిప్పుకునేవాడు. కథ ఒడ్డు చేరింది. మీరు పక్కలు చేరండి.