చిల్లుల్లేని బొమ్మ

పిల్లలు నవ్వితే తిప్పేస్వామికి సంతోషమే. కానీ నవ్వకూడని చోట నవ్వారు. అదీ అతని బాధ.

తోలుబొమ్మలాటలో కొత్త కథ కడతానని ఏడాదిపాటు పెదనాయన వెంటపడి ఒప్పించుకున్నాడు. వేరే గ్రహం నుంచి ఒక జీవి భూమ్మీదికి దిగుతుంది, ఊళ్లకు ఊళ్లు మింగేస్తుంది, అదీ కథ. ఆ జీవి బొమ్మ కోసం మూడు నెలలు నడుం ఎత్తకుండా కూర్చున్నాడు. నాలుగు మేకతోళ్లు కలిపి కుట్టాడు. పది చేతులు, రెండు వరసల కోరలు, తల చుట్టూ గాజుబుడ్డి లాంటి తొడుగు పెట్టాడు. ఒంటినిండా ఉలితో చిల్లులు కొట్టి, చిల్లుకో రంగు వెలిగేట్టు చేశాడు.

తీరా ధర్మవరం దగ్గర ఒక బడిలో ఆడితే, ఆ జీవి తెరమీదికి రాగానే పిల్లలు పడీపడీ నవ్వారు. రాక్షసుడికి హెల్మెట్ పెట్టారని ఒకడు అరిచాడు. వెనక కూర్చున్న అయ్యవార్లకు కూడా నవ్వు ఆగలేదు.

శుక్రవారం ఇంకో బడిలో ఇదే ఆట. అక్కడా నవ్వితే ఉలి పక్కన పడేసి బెంగళూరులో ఏదో ఒక పని చూసుకుంటానని ఇంట్లో చెప్పేశాడు. ఉత్త బెదిరింపు కాదు, బట్టలు కూడా సర్దుకున్నాడు.

పెదనాయన పేరు వన్నూరప్ప. డెబ్బై దాటిన మనిషి. తిప్పేస్వామికి పదమూడో ఏట ఉలి చేతికిచ్చి, పదకొండేళ్లుగా పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పుతున్న గురువు. పొగడడం ఆయనకు చేతకాదు. తిట్టడం అంతకన్నా చేతకాదు.

బుధవారం పొద్దున తిప్పేస్వామి ఆయన ముందు చేరాడు.

"ఇంకో పది చేతులు పెడదామా పెదనాయనా? లేకుంటే కోరలు పెంచుదామా?"

వన్నూరప్ప తోలు గీకడం ఆపలేదు. ఇంతకీ అది మనుషుల్ని ఏం చేస్తుందని అడిగాడు. తింటుందన్నాడు తిప్పేస్వామి.

"పులి కూడా తింటాది. టికెట్ కొనుక్కొని పోయి సూస్తారు దాన్ని."

ఆ ఒక్క మాటతో ఊరుకున్నాడు. అన్నం తిన్నాక మూలనున్న తోలుముక్క ఒకటి తీశాడు. గీకి పలచన చేయని ముతక తోలు అది. వెలుతురు అందులోంచి రాదు. కత్తితో టీ తాగేంత సేపట్లో ఒక మనిషి ఆకారం కోసి, తల, చేతులు, కాళ్లు విడిగా తగిలించి, వెదురు పుల్లలు కట్టాడు. నగలు లేవు, రంగు లేదు, ఒక్క చిల్లు లేదు. చివరికి కంటికి కూడా చిల్లు కొట్టలేదు. ఆ ఇంట్లో కన్ను లేని బొమ్మ ఏనాడూ తెర ఎక్కలేదు. పెద్దాయనకు చూపు తగ్గుతోందేమోనని తిప్పేస్వామికి జాలి వేసింది.

వన్నూరప్ప కిటికీలు మూసి, తలుపు దగ్గరికి వేసి, తెర వెనక బల్బు వెలిగించాడు. తిప్పేస్వామిని ఇవతల చీకట్లో కూర్చోమన్నాడు.

తెర చాలాసేపు ఖాళీగా ఉంది. తర్వాత చూస్తే ఒక మూల నల్లటి నీడ కూర్చుని ఉంది. ఎప్పుడు వచ్చిందో తిప్పేస్వామి గమనించలేదు. పాట లేదు, మద్దెల లేదు. నీడ కదలడం లేదు.

విసుగు పుట్టి చెవి గోక్కున్నాడు. కాసేపటికి నీడ చెవి గోక్కుంది.

భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు. నీడ భుజం సర్దుకుంది. పెదనాయన ఆటపట్టిస్తున్నాడని నవ్వాడు. నీడ కూడా అతను నవ్వేటప్పటిలాగే తల పక్కకు వాల్చి ఊగింది.

అప్పుడు గుర్తొచ్చింది. బల్బు పక్కన ఉన్నవాడికి ఇవతల చీకట్లో ఏమీ కనబడదు. పదకొండేళ్లుగా ఆ బల్బు పక్కనే నిలబడినవాడు తను. ఆ సంగతి తెలియకేం?

తిప్పేస్వామి బిగుసుకుని కూర్చున్నాడు. ఇక కదలకూడదనుకున్నాడు. అది తనవైపు చూస్తోందో, అటు తిరిగి ఉందో తెలియడం లేదు. కన్నుంటే గదా తెలిసేది.

నీడ మెల్లగా చెయ్యెత్తి గొంతు తడుముకుంది.

తన గొంతు ఎండిపోయిందని తిప్పేస్వామికి అప్పుడే తెలిసింది. చూసుకుంటే చెయ్యి అప్పటికే సగం లేచి ఉంది. భయం వేసింది. బలవంతాన చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. ఈ వెర్రిమొర్రి ఆట చాలు, లేచి బయటికి పోదామనుకున్నాడు.

నీడ లేచి నిలబడింది. తలుపున్న వైపుకు నడిచింది. తెర అంచున ఆగి, అతని కోసమన్నట్టు నిలబడింది.

తిప్పేస్వామి లేవలేదు. ఎంతసేపలా కూర్చుండిపోయాడో తెలియదు. బల్బు ఆరిపోయి, కిటికీ తెరుచుకుని, ఎండ ఒంటిమీద పడ్డాక గానీ ఊపిరి సరిగా ఆడలేదు.

"నేనెట్లా కనిపిస్తి నీకు, పెదనాయనా?"

"కనపడలే."

"మరి?"

"పదకొండేండ్లు నా పక్కన కూసున్యావు గదరా." వన్నూరప్ప బొమ్మను గోడకు ఆనించాడు. "అది నిన్ను కరవదు. నిన్ను నేర్సుకుంటాది. అంతే."

తిప్పేస్వామి ఆ బొమ్మవైపే చూస్తున్నాడు. ఆయనే మళ్లీ అన్నాడు.

"శుక్రవారం మనమాడే ఆ బడికి రేపు పోయి పిల్లోళ్లను సూసిరా. బొమ్మ తీసుకపోవద్దు. ఊరికే సూడు."

మరునాడు తిప్పేస్వామి ఒట్టి చేతులతో వెళ్లాడు. అయ్యవారిని అడిగి, తరగతిలో వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పిల్లలు కాసేపు వెనక్కి తిరిగి తిరిగి చూశారు, తర్వాత అతన్ని మరిచిపోయారు.

ఒకడు లెక్క తప్పినప్పుడల్లా ముక్కు రుద్దుకుంటున్నాడు. ఇంకొకడు జవాబు తెలిసినా సగం దాకానే చెయ్యెత్తుతున్నాడు. మూడో వరసలో ఒక అమ్మాయి, అయ్యవారు బోర్డు వైపు తిరగ్గానే జడ కొస నోట్లో పెట్టుకుంటోంది. రెండుసార్లు చూశాడు. మూడుసార్లు చూశాడు. నాలుగోసారి ఆమె చెయ్యి లేవకముందే అతనికి తెలిసిపోయింది. ఇప్పుడు, అనుకున్నాడు. చెయ్యి లేచింది. తిప్పేస్వామికి ఒళ్లంతా హుషారొచ్చింది. రేపు నీడ ఈ చేష్టలే చేస్తే ఎవరూ నవ్వరని రూఢిగా తెలిసింది.

ఇంకోసారి, ఇప్పుడు, అనుకున్నాడు. చెయ్యి లేచింది. జడ దాకా వచ్చి ఆగింది.

అమ్మాయి మెల్లగా వెనక్కి తిరిగింది. గోడకు ఆనుకుని, తెరమీది నీడలా కదలకుండా కూర్చున్న మనిషిని చూసింది. జడ వదిలేసి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, ముందుకు తిరిగి కూర్చుంది.

గంట కొట్టేదాకా ఆ చేతులు బయటికి రాలేదు. తిప్పేస్వామి మళ్లీ తలెత్తి చూడలేదు.