ఊరంతా ఒకే పొయ్యి

ఏ పటంలోనూ దొరకని ఒకానొక రాజ్యాన్ని రణమార్తాండుడు ఏలేవాడు. ఆయన బిరుదులు చదవడం మొదలుపెట్టినవాడికి, చదవడం పూర్తయ్యేసరికి మనవలు పుట్టేవారు.

ఆ కొలువులో విదూషకుడు విస్సప్ప. రాజును నవ్వించీ నవ్వించీ సొంత నవ్వు మరిచిపోయిన మనిషి. సాయంత్రం ఎదురింటి పేరయ్యతో ఒక ఆట చదరంగం ఆడుకోవడం తప్ప వేరే సుఖమెరగడు. కాళ్ళు పడిపోయి మంచాన ఉన్న పేరయ్యకూ అదే ప్రాణం.

రాజుగారి కార్ఖానాలో చేసిన చదరంగపు పలకలు ఇంటింటా ఉండేవి. అందరూ కొనేసేదాకా ఊరుకుని, అప్పుడు రాజు చాటింపు వేయించాడు: "ఇంట్లోవాళ్ళతో ఆడితే సరే. పొరుగింటివాళ్ళతో ఆడాలంటే నెలనెలా కోటకు చందా కట్టాలి. ఒకే పొయ్యి మీది వంట తినేవాళ్ళంతా ఒకే ఇల్లు."

విస్సప్ప కాళ్ళీడ్చుకుంటూ కొలువుకు వెళ్ళాడు.

"పలక కొనుక్కున్నాను. ఆడేవాడు నా పేరయ్య. ఇంక చందా దేనికి ప్రభూ?"

"మీ రెండిళ్ళ నడుమ వీధి నాది కదయ్యా," అన్నాడు రాజు మీసం దువ్వుతూ. "పైగా చందాదారులకు నెలకో కొత్త పలక ఊరికే ఇస్తున్నాం."

"చందా మానేస్తే?"

"ఆ పలకలన్నీ తిరిగి ఇచ్చేయాలి."

"అయితే అది ఇవ్వడం కాదు ప్రభూ, చూపించడం."

కొలువంతా కిసుక్కుమంది. రాజు ముఖం కందగడ్డయింది. "చందా కట్టకుండా ఆడావో, నీ పలకా పేరయ్య పలకా రెండూ కోటకొచ్చేస్తాయి. జాగ్రత్త."

వాదించే ఓపిక విస్సప్పకు ఎప్పుడో అయిపోయింది. దండం పెట్టి వచ్చేశాడు.

మర్నాడు రాజు భోజనానికి కూర్చుంటే విస్తరి ఖాళీ. గుత్తొంకాయ లేదు, పప్పుచారు లేదు, మెతుకన్నది లేదు. వంటవాడు కిటికీ చూపించాడు.

కోట పెరట్లో ఊరు ఊరంతా బంతులు తీరి తింటోంది. చివరి బంతివాడు పొరుగు రాజ్యంలో కూర్చున్నాడు. ప్రతి విస్తరి పక్కనా ఒక చదరంగపు పలక. పేరయ్యనైతే మంచంతో సహా మోసుకొచ్చారు.

"వీళ్ళకెవరు వడ్డించమన్నారు?"

"విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి లేపకూడదు కదా ప్రభూ," అన్నాడు వంటవాడు.

రాజు ఉరుముతూ పెరట్లోకొచ్చాడు. "ఏమిటయ్యా విస్సప్పా, ఈ దండయాత్ర?"

విస్సప్ప నీరసంగా తలెత్తాడు. "చందా కట్టలేక మీ ఇంటివాళ్ళమైపోయాం ప్రభూ. ఒకే పొయ్యి, ఒకే ఇల్లు అన్నారు. ఊళ్ళో పెద్ద పొయ్యి తమదే. రాత్రికి పులిహోర ఉంటుందా అని పేరయ్య అడుగుతున్నాడు."

"రోజూ వస్తారా?"

"చందా ఉన్నంతకాలం వస్తాం. నడవలేక చస్తున్నాం గానీ, ఏం చేస్తాం?"

రాజు కడుపు గుర్రుమంది. ఆ చప్పుడుకు గజశాలలో ఏనుగులు బదులు పలికాయి. అది విని ముందు ఆయనకే నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని, గోడకానుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"చందా రద్దయ్యా. ఇంత మజ్జిగన్నం మిగిల్చారా లేదా?"

అంటూనే మెడలోని ముత్యాలహారం తీసి విస్సప్ప మెడలో వేశాడు.

విస్సప్ప ఆ బరువు మోసుకుంటూ వచ్చి పేరయ్య మంచం పక్కన కూలబడ్డాడు.

"నువ్వు మాట్లాడుతున్నంతసేపూ నీ ఎత్తులు కూడా నేనే వేశానురా," అన్నాడు పేరయ్య. "ఓడిపోయావు."

"ఓడితే ఓడానులే. మళ్ళీ పేర్చు."